ఎలాగూ పోయేవాళ్ళు

ఒక బాక్టీరియాని "వైరులెంట్" అనగానే మనకి విలన్ దొరికేస్తాడు. పేపర్లవాళ్ళు దానికి "సూపర్‌బగ్" అని పేరు పెడితే ఇక కథ పూర్తయినట్టే. క్లెబ్సియెల్లా న్యుమోనియే మీద వచ్చిన పరిశోధనలు కొన్ని వరసగా చదివాక నాకు మాత్రం ఆ మాటలో బాక్టీరియా కంటే మనమే ఎక్కువ కనిపిస్తున్నామేమో అనిపించింది.

క్లెబ్సియెల్లా చాలామంది పేగుల్లో ఏ గొడవా లేకుండా బతికేస్తుంటుంది. భయపెట్టేవి అందులో రెండు రకాలు. మొదటిది ఆసుపత్రి రకం. కార్బపెనెమ్ లాంటి చివరి వరస యాంటీబయాటిక్స్‌కి కూడా లొంగదు. న్యూఢిల్లీ పేరు తగిలించుకున్న ఎన్‌డీఎమ్-1 ఎంజైము గురించి 2009లో మొదట రాసింది ఈ జీవిలో చూసే. (ఆ పేరు మీద మన ప్రభుత్వానికి వచ్చిన కోపం వేరే కథ.) రెండోది 1980ల్లో తైవాన్ డాక్టర్ల కంట పడింది. ఇది ఆసుపత్రి మొహం చూడనివాళ్ళకి, మామూలుగా తిరుగుతున్నవాళ్ళకి కాలేయంలో చీముగడ్డలు తెస్తుంది. దీన్నే హైపర్‌వైరులెంట్ అన్నారు.

ఆ ఉగ్రత ఎక్కడుందని జన్యువుల్లో వెతికారు. చాలావరకు ఒక పెద్ద ప్లాస్మిడ్ మీద దొరికింది. ప్లాస్మిడ్ అంటే క్రోమోజోముతో పనిలేకుండా విడిగా ఉండే డీఎన్‌ఏ చుట్ట. మా భాషలో చెప్పాలంటే ప్లగిన్. అందులో ఆర్‌ఎమ్‌పీఏ అనే జన్యువు బాక్టీరియా చుట్టూ ఉండే పొరని మందంగా, జిగురుగా చేస్తుంది. ల్యాబులో ఆ కాలనీని లూప్‌తో తాకి పైకి లాగితే పాకంలా తీగ సాగుతుంది, 5 మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్. ఇంకొన్ని జన్యువులు ఏరోబాక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. మన ఒళ్ళు సూక్ష్మజీవులకి అందకుండా దాచుకునే ఇనుముని అది లాక్కొస్తుంది. ఇంతే. దుర్మార్గం కోసం వెతికితే దొరికింది ఒక జిగురు కోటు, కాస్త ఇనుము ఆకలి.

చాలాకాలం ఈ రెండు రకాలూ దాదాపు విడివిడిగానే ఉన్నాయి. మందులకి లొంగనిదానికి ఉగ్రత లేదు, ఉగ్రమైనది మామూలు మందులకే చచ్చేది. 2016లో చైనాలోని హాంగ్‌జౌలో ఒక ఐసీయూలో ఐదుగురు చనిపోయారు. తీవ్రంగా గాయపడి, సర్జరీలయి, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు. వాళ్ళలో దొరికిన క్లెబ్సియెల్లా కార్బపెనెమ్‌కి లొంగని ఆసుపత్రి రకమే, కాకపోతే ఉగ్రత ప్లాస్మిడ్ కూడా దాంట్లోకి చేరింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలా రెండు గుణాలూ కలిసిన రకాల గురించి హెచ్చరిక ఇచ్చింది. హెచ్చరికకి బలమిచ్చిన మాట ఒకటుంది: ఇది ఆరోగ్యవంతులకి కూడా రాగలదు.

నేను ఆగింది ఆ "కూడా" దగ్గర.

మామూలు ఆసుపత్రి క్లెబ్సియెల్లాని పుస్తకాలు "అవకాశవాద" సూక్ష్మజీవి అంటాయి. బలహీనంగా ఉన్నవాళ్ళ మీద మాత్రమే పడుతుందని అర్థం. కార్బపెనెమ్‌కి లొంగని రకం రక్తంలోకి చేరితే నూటికి 40 మంది దాకా పోయారని చెప్పే అధ్యయనాలు చాలానే ఉన్నాయి. అలాంటిదాన్ని "ఉగ్రత తక్కువ" అనగలుగుతున్నామంటే, కొలబద్ద ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు కాబట్టి. ఎలుకని చంపడానికి ఎన్ని కణాలు కావాలి అన్న లెక్కలో ఐసీయూ మంచం ఎక్కడా రాదు.

మా పెద్దనాన్న తుంటి ఆపరేషన్ కోసం చేరి, పద్ధెనిమిది రోజులు వెంటిలేటర్ మీద ఉండి పోయారు. కల్చర్ రిపోర్టులో కొలిస్టిన్ ఒక్కటి తప్ప కిందిదాకా అన్నీ "ఆర్"లే, అంటే రెసిస్టెంట్. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట: "షుగర్ ఉంది కదా, వయసు కూడా అయింది." మా అక్క నాలుగు రోజులు విని ఐదోరోజు నన్నడిగింది: "షుగర్ పన్నెండేళ్ళ నుంచీ ఉందిరా. అన్నాళ్ళూ లేని తొందర ఈ పద్ధెనిమిది రోజుల్లో ఎందుకొచ్చింది దానికి?"

ఆ ప్రశ్నకి సైన్సులో జవాబు లేకపోలేదు. కాసడెవాల్, పిరోఫ్‌స్కీ అనే ఇద్దరు 1999 నుంచీ చెప్తున్నదేమిటంటే, ఉగ్రత బాక్టీరియా సొంత ఆస్తి కాదు, అది బాక్టీరియాకీ మనిషికీ మధ్య జరిగేది. ఒప్పుకుంటే, మనిషి బలహీనత బాక్టీరియాకి మాఫీ పత్రం కాకూడదు. అక్కడ షుగర్ ఎంత కారణమో, కడగని చెయ్యీ, మార్చాల్సిన రోజు దాటిన క్యాథెటరూ, ఆరు మంచాలకి ఒకే నర్సూ అంతే కారణం. తైవాన్ కేసుల్లో కూడా షుగర్ ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ వాళ్ళు నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చారు కాబట్టి అక్కడ తప్పు బాక్టీరియాకి వెళ్ళింది. అదే షుగర్ ఐసీయూలో ఉంటే తప్పు రోగిది.

డాక్టర్లు దీనికి ఒక అభ్యంతరం చెప్తారు, సబబైనదే. ఎవరికి ప్రమాదం ఎక్కువో తెలియకపోతే ఎవర్ని ముందు కాపాడాలో ఎలా తెలుస్తుంది? నిజమే, వర్గీకరణ లేకుండా వైద్యం నడవదు. నా పేచీ వర్గీకరణతో కాదు, అది ఎప్పుడు వాడుతున్నామన్నదానితో. మనిషి బతికుండగా "బలహీనుడు" అంటే అతని మంచం దగ్గరికి వెళ్ళేముందు ఇంకోసారి చేతులు కడుక్కోవాలని అర్థం. పోయాక అదే మాట అంటే, ఇక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదని.