పైనుంచి చూసిందెవరు?

గుండె గుభేలుమంటే “పైప్రాణాలు పైనే పోయాయి” అంటాం. గండం గడిస్తే “ప్రాణం లేచొచ్చింది” అంటాం. మన మాటల్లో ప్రాణం పుట్టింటికి వెళ్ళొచ్చే ఆడపిల్లలా ఎప్పుడూ వస్తూ పోతూనే వుంటుంది. మాటవరసకి అనుకునేవే అనుకోండి. కానీ నిజంగానే ఒంట్లోంచి బయటికొచ్చి, మంచం మీద పడివున్న తనని తానే పైనుంచి చూశానని ఒక మనిషి చెబితే?

నమ్మేవాళ్ళ వాదన మనకి కొత్తేమీ కాదు. శంకరాచార్యులవారు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథా, విక్రమార్కుడి పరకాయప్రవేశం కథా వింటూ పెరిగినవాళ్ళం. దేహం వేరు, ఆత్మ వేరు అన్నాక, కాసేపు బయటికి వెళ్ళి రావడంలో వింతేముందీ అంటారు వాళ్ళు.

కాదనేవాళ్ళ దగ్గరా గట్టి సరుకే వుంది. 2002లో స్విట్జర్లాండులోని జెనీవాలో ఓలాఫ్ బ్లాంక్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ మూర్ఛరోగమున్న 43 ఏళ్ళ ఒకామెని పరీక్షించారు. జబ్బు మెదడులో ఎక్కడ పుడుతోందో కనుక్కోవడానికి సన్నగా విద్యుత్తు పంపి చూస్తున్నారు. కుడిచెవికి కాస్త పైన, వెనకగా వున్న ఒక చోట తాకించేసరికి, మంచంలోకి కుంగిపోతున్నట్టుందని ఆమె అంది. విద్యుత్తు కొంచెం పెంచితే, పైనుంచి తనని తానే చూస్తున్నానంది. అదీ కాళ్ళూ, నడుము కింది భాగమూ మాత్రమేనట! ‘నేను ఇక్కడున్నాను’ అన్న ఎరుక మెదడు అల్లే మూడుపాయల జడలాంటిదని దీని సారాంశం. కంటిచూపు ఒక పాయ, ఒంటికి తెలిసే స్పర్శ ఒక పాయ, చెవిలోపల తూకం చూసే ఏర్పాటు ఇంకొకటి. ఒక పాయ జారితే జడ వదులైనట్టే, మనిషికి తాను వేరేచోట వున్నట్టు తోస్తుందన్నమాట.

ఈ తగవు తేల్చడానికి ఒక మంచి ఉపాయమే పన్నారు. సామ్ పార్నియా అనే డాక్టరు ఆధ్వర్యంలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రియాల్లోని 15 ఆసుపత్రుల్లో గదులకి ఎత్తుగా అరలు బిగించి, పైనుంచి చూస్తేనే కనబడేలా వాటిమీద బొమ్మలు పెట్టారు. గుండె ఆగినప్పుడు నిజంగా పైకి తేలినవాళ్ళయితే ఆ బొమ్మేమిటో చెప్పాలిగా! ఫలితాలు 2014లో వచ్చాయి. గుండె ఆగిన సందర్భాలు 2,060. బతికి బట్టకట్టి, ప్రశ్నలకి జవాబు చెప్పినవాళ్ళు 140 మంది. అప్పుడు జరిగినవి కళ్ళారా చూశామని స్పష్టంగా చెప్పినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకాయన చెప్పిన సంగతులు ఆసుపత్రి వివరాలతో సరిపోయాయి కూడా. తీరా చూస్తే ఆ ఇద్దరికీ గుండె ఆగిన చోట అరలే లేవు! పెళ్ళికి అన్నీ అమర్చుకుని మంగళసూత్రాలు మరిచిపోయినట్టయింది. ఇంకేం, ఎవరు పట్టిన కుందేలుకి వారికి మూడే కాళ్ళు.

ఈ వ్యవహారంలో నాకు గౌరవం కలిగించిన మనిషి సూసన్ బ్లాక్‌మోర్. 1970లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఆవిడకే ఈ అనుభవం కలిగింది. శరీరం వదిలి ఇళ్ళ కప్పుల మీదుగా ఎగిరానని తోచిందట. మరొకరైతే ఆశ్రమం పెట్టేవారు. ఈవిడ ఆ కప్పులెలా వున్నాయో తర్వాత వెళ్ళి చూసుకున్నారు. తనకి కనిపించిన వివరాలు అక్కడ లేవు. అయినా ఆత్మప్రయాణాన్ని రుజువు చెయ్యాలనే ఏళ్ళ తరబడి పరిశోధించారు. రుజువు దొరక్క తన నమ్మకాన్నే మార్చుకున్నారు. అంతేగాని, నాకసలేమీ జరగలేదని మాత్రం ఆవిడ అనలేదు.

నాకు సబబుగా తోచేది మెదడు సంగతే. అయితే మా పక్కింటి పిన్నిగారి మాట విన్నాక, ఎవరు గెలిచారన్నదే పెద్ద ప్రశ్న కాదనిపించింది. కాన్పు కష్టమైనప్పుడు ఆవిడ గది కప్పు దగ్గర తేలుతూ కింద తనని చూసుకున్నారట. “నా మొహం చూస్తే నాకే జాలేసింది తల్లీ. నన్ను చూసి నేను జాలిపడటం అదే మొదలు” అన్నారు. ఈ సంగతి ముప్ఫయ్యేళ్ళు ఎవరికీ చెప్పలేదట. ఎందుకండీ అంటే, “అత్తగారికి చెబితే గాలి సోకిందని తాయెత్తు కట్టించేది. మీ బాబాయిగారికి చెబితే నవ్వేవారు” అన్నారు.

తాయెత్తు కట్టేవారికి దెయ్యం కావాలి, నవ్వేవారికి నరం కావాలి. ఆ మొహంలో జాలిపడవలసినంత ఏముందని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మెదడులోని ఏ మూల ఏం జరిగిందో చెప్పగలిగినా, ఆ ప్రశ్న అలాగే వుండిపోతుంది.

అందుకని, మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి సంగతి చెప్పబోతే పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుని వినండి. మాటిమాటికీ అలా జరుగుతోందంటే తాయెత్తుల జోలికి పోకుండా డాక్టరుకి చూపించండి. పైనుంచి చూసిందెవరన్న తర్కం పండితులు తీరిగ్గా తేల్చుకుంటారు. కింద పడుకున్న మనిషి ఎలా వుందో కనుక్కోవడం మాత్రం మన పని.