క్రింది మెట్టు
వాక్యభాగములు: లూకా 14:7-11, మత్తయి 25:14-30, యోహాను 1:40-42



మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో కోడి కూయు వేళ రోడ్డు మీదికి వెళ్లినయెడల పడుచువాండ్రు గుంపులుగా పరుగెత్తుట చూడవచ్చును. సైన్యములోనో పోలీసు శాఖలోనో చేరవలెనని వారి ఆశ. కొందరు ఎన్నికగుదురు. అనేకులు తిరిగి ఇంటికి వత్తురు. అట్లు వచ్చిన కుమారుని చూచి తండ్రి, “వీడు ఎందుకును పనికిరాలేదు” అనును. ఆ బిడ్డ ఆదివారము ఆరాధనకు వచ్చుటకును సిగ్గుపడును. పై మెట్టు ఎక్కలేనివాని శ్రమయంతయు వ్యర్థమేనా? ఈ నెల దీనిని గూర్చి ఆలోచింతము.

పౌలు భక్తుడు పందెపు రంగములో పరుగెత్తువారిని దృష్టాంతముగా చూపెను (1 కొరింథీ 9:24-27). మనమును మన ప్రాంతపు క్రీడాకారులలో ఇద్దరిని చూతము.

మొదటివాడు విజయనగరము రాజకుటుంబీకుడు. క్రీడాలోకము ఆయనను “విజ్జీ” అని పిలిచెను. 1936లో ఇంగ్లాండు వెళ్లిన భారత క్రికెట్టు జట్టుకు ఆయన నాయకుడు. ఆ పీఠము మీద ఆయనను కూర్చుండబెట్టినది ఆటలోని నేర్పు కాదు, ధనమును పలుకుబడియు. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తము 33. భారతదేశమునకు తొలి టెస్టు శతకము సంపాదించిన లాలా అమరనాథును మొదటి టెస్టుకు ముందే ఆ జట్టునుండి ఇంటికి పంపివేసిరి. మూడు టెస్టులలో రెండు మనవారు ఓడిపోయిరి. తరువాతి కాలములో విజ్జీ క్రికెట్టునకు చేసిన సేవను మనము కాదనరాదు. అయినను విందులో అగ్రపీఠమును గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము ఇక్కడ జ్ఞాపకము వచ్చును. ఎత్తైన పీఠము మనిషిని పెద్ద చేయదు. అతనిలోని కొరతను పదిమందికి కనబరచును.

రెండవ వ్యక్తి కరణం మల్లీశ్వరి. ఆమదాలవలస దగ్గరి వూసవానిపేట ఆమె ఊరు. తండ్రి రైల్వే రక్షక దళములో కానిస్టేబులు. బరువులెత్తు విద్యను ఆమెకు నీలంశెట్టి అప్పన్న అను కోచ్ నేర్పెను. బక్కపలచని పిల్ల, ఈమెవలన కాదని మొదట తనను చేర్చుకొనలేదని మల్లీశ్వరి తానే చెప్పియున్నది. తల్లి ధైర్యము చెప్పెను. పిల్ల మానలేదు. ఊరిలో ఎత్తిన చేతులే 1994లోను 1995లోను ప్రపంచ పోటీలలో బంగారు పతకములు గెలిచినవి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో ఆమె స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచు పతకము పొందెను. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారత స్త్రీ మన ఆమదాలవలస పిల్లయే.

అయితే ఇంకొక మాట కలదు. చివరి ప్రయత్నములో ఆమె 137.5 కిలోలు ఎత్తబూనెను. అది లేచియున్నయెడల బంగారము ఆమెదే. అది లేవలేదు. ఆమెకు పైనున్న ఇద్దరును ఎత్తినది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలు, మన ఇంట కుండలో పోయు బియ్యమంత. పై మెట్టు ఒక్కటే కొలత అయినయెడల మల్లీశ్వరియు ఓడినట్లే. ఆ కొలతకు అంతము లేదు. దానితో కొలుచుకొనువానికి నెమ్మదియు లేదు.

మన దేవుని కొలత వేరు. ఆ పోటీలో ఎవరి శరీరపు బరువునుబట్టి వారికి తరగతి యుందురు. ఏబది కిలోల పిల్లను నూరు కిలోల పిల్లతో నిలువబెట్టరు. తలాంతుల ఉపమానములోని యజమానుడును అట్లే ఎవరి సామర్థ్యము చొప్పున వారికి అప్పగించెను. ఐదింటివానిని ఏ మాటలతో మెచ్చుకొనెనో, రెండింటివానిని అవే మాటలతో మెచ్చుకొనెను. 21వ వచనమును 23వ వచనమును ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి.

“అయితే సోమరికి ఇది మంచి సాకు గదా” అని ఒకరు అడుగవచ్చును. కాదు. ఒక్క తలాంతువాడు తక్కువ సంపాదించెనని శిక్షింపబడలేదు, పాతిపెట్టెనని శిక్షింపబడెను. ఎత్తబూని లేవని బరువు వేరు, చేయి పెట్టకయే విడిచిన బరువు వేరు.

మరియొక సంగతి. 1990లో జాతీయ శిబిరమునకు ఎన్నికైనది మల్లీశ్వరి కాదు, ఆమె సోదరి. మల్లీశ్వరి ఆమె వెంట వెళ్లెను. అక్కడనే విదేశపు కోచ్ లియోనిద్ తరనెంకో కన్ను ఈ పిల్లమీద పడెను. లోకమునకు చెల్లెలి పేరు తెలియును, దారి చూపిన సోదరి పేరు ఎందరికి తెలియును? అంద్రెయ ముందుగా మెస్సీయను కనుగొని తన సహోదరుడైన సీమోనును ఆయనయొద్దకు తోడుకొని వచ్చెను. పెంతెకొస్తు దినమున లేచి ప్రసంగించినవాడు పేతురు. అంద్రెయ “పేతురు సహోదరుడు” అనిపించుకొనెను. పరలోకములో అతని లెక్క తక్కువగా వ్రాయబడియుండునా? ఎన్నటికిని కాదు.

కాబట్టి తండ్రులారా, తిరిగివచ్చిన కుమారుని గుమ్మమున నిలువబెట్టి తూచకుడి. నాలుగేండ్లు తెల్లవారకముందు లేచిన బిడ్డ క్రమమును ఓర్పును నేర్చుకొనియున్నాడు. పొలములోనైనను వలస వెళ్లిన పట్టణములోనైనను అవి వానికి ఉపయోగపడును. యౌవనులారా, సిగ్గుపడక ఆరాధనకు రండి. పెద్దలారా, ముందు కుర్చీ కొరకు పెనుగులాడక, మనకంటె పైకి వెళ్లదగిన ఒకనిని చేయి పట్టి తోడుకొని వచ్చుదము. క్రింది మెట్టు పై మెట్టు కొరకు కాచుకొనియుండు స్థలము మాత్రమే కాదు. దేవుడు మనకు నేడు అప్పగించిన స్థలము అదియే.

ప్రార్థన: ప్రభువా, మా చేతికి నీవు అప్పగించిన బరువును సణుగక ఎత్తుటకు బలమిమ్ము. లేవని దినమున నీ యెదుట నిలుచుటకు ధైర్యమిమ్ము. ఆమేన్.