నేలకు మేలు, ఎవరి ఖర్చుతో?

మంచి మాట ఎవరు చెప్పినా వినాలని బడిలో పిల్లలకు చెబుతాం. అది నిజమే. కానీ చెప్పేవారి చేతిలో అధికారం, వినేవారి చేతిలో ఎకరం కొండభూమి ఉన్నప్పుడు ఆ నీతి ఒక్కటే సరిపోతుందా? నేలను కాపాడే సాగు గురించి మన ఊళ్లలో సమావేశాలు జరుగుతున్న ఈ రోజుల్లో మన యువత, మన ఉపాధ్యాయులు ఈ ప్రశ్న వేసుకోవాలి.

సంరక్షణ వ్యవసాయం అనే మాట ఇప్పుడు ప్రపంచమంతా వినిపిస్తోంది. దానికి మూడు సూత్రాలు. నేలను వీలైనంత తక్కువగా కదిలించాలి. ఎప్పుడూ ఏదో ఒక కప్పు కింద ఉంచాలి. ఒకే పంట కాకుండా రకరకాల పంటలు వేయాలి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలోనూ ఆచ్ఛాదన, నవధాన్యాలు చల్లడం ముఖ్యమైనవి. 2018లో అప్పటి ప్రభుత్వం 2024 నాటికి 60 లక్షల మంది రైతులను ఈ సాగులోకి తెస్తామని ప్రకటించింది.

ఈ సూత్రాలు వింటే మన ముసలివాళ్లు నవ్వుకుంటారు. కొండవాలు మీద పోడులో నాగలి పెట్టరు. చిన్న పారతో గీకి విత్తనం వేస్తారు. సామ, చోడి, కంది, బొబ్బర్లు ఒకే చెలకలో పెరుగుతాయి. చెట్ల మొదళ్లు, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. కొన్నేళ్లు పండించి ఆ కొండను వదిలేస్తే అడవి మళ్లీ లేస్తుంది. ఈ సాగునే అడవిని నాశనం చేసే పని అన్నారు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత ఆంక్షలు బిగిశాయి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవడానికి వెట్టి రోడ్డు పనులతో పాటు పోడు మీద ఆంక్షలూ కారణమే. మన తాతలు చేస్తే నేరమైన కలిపిసాగు ఇప్పుడు శిక్షణ పాఠమై తిరిగి వచ్చింది.

అలాగని పోడును గుడ్డిగా పొగడనక్కర్లేదు. పోడులో నిప్పు ఉంది. నేలకు కప్పు ఉంచాలన్న సూత్రానికి అది పొసగదు. పైగా తిరగడానికి కొండలు తగ్గిపోయి, రెండు మూడేళ్లకే పాత చోటుకు రావలసి వస్తే మట్టి కొట్టుకుపోతుంది. ఆ నష్టం మన కళ్ల ముందే ఉంది. దానికి కారణం పోడు పద్ధతి ఒక్కటేనా, తిరిగే చోటు లేకుండా చేసిన ఆంక్షలు కూడానా అన్నది నిజాయితీగా చర్చించాలి.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఆఫ్రికాలో జింబాబ్వే చూడండి. తెల్లవారి పాలనలో 1930 భూపంపిణీ చట్టం ఆ దేశపు భూమిలో దాదాపు సగం తెల్లవారికి కట్టబెట్టింది. నల్లవారు ఇరుకు భూముల్లో మిగిలారు. 1951లో మరో చట్టం వచ్చి, నేల సంరక్షణ పేరుతో వారి పశువుల సంఖ్యకు పరిమితి పెట్టింది. రైతులు ఎదురు తిరిగారు, చివరికి దాన్ని ఆపేయవలసి వచ్చింది. తర్వాతి కాలంలో అక్కడే సంరక్షణ వ్యవసాయం వచ్చింది. దున్నకుండా చేతి పారతో వరుసగా గుంటలు తవ్వి విత్తాలి. 'తవ్వుకో, తిను' అని పేరు పెడితే, కొందరు రైతులు దాన్ని 'తవ్వుకో, చావు' అని మార్చి పిలిచారు. 2020 నుంచి ప్రభుత్వమే ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడుపుతూ, గుంటలు తవ్వినవారికి విత్తనం, ఎరువు ఇస్తోంది. అప్పుడు రైతు తీసుకున్నది పద్ధతినా, ఎరువు బస్తానా? లెక్కలో మాత్రం పద్ధతిలో చేరిన రైతు అనే రాస్తారు.

రాజకీయం అంటే ఎన్నికలే కాదు. దేన్ని లెక్కపెడతారు, దేన్ని వదిలేస్తారు అన్నదీ రాజకీయమే. దున్నకపోతే కలుపు పెరుగుతుంది. బ్రెజిల్, అర్జెంటీనాల్లో వేల ఎకరాల ఆసాములు కలుపుమందు కొట్టి దున్నకుండా సాగు చేస్తున్నారు. మన చెలకలో ఆ కలుపు తీసేది ఆడవాళ్లు. వాళ్ల వంగిన నడుము ఏ పట్టికలోనూ ఉండదు. గడ్డి నేల మీద పరచాలంటే పశువు ఏం తినాలి? పశువే లేని ఇంటికి జీవామృతానికి పేడ, మూత్రం ఎక్కడివి? బెల్లం, పప్పు పిండి కొనే డబ్బు ఎవరిస్తారు? ఈ ప్రశ్నలు అడిగినవాళ్లను వెనుకబడినవాళ్లు అనడం తేలిక, జవాబు చెప్పడం కష్టం.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న పట్టాది. నేల బాగుపడటానికి ఏళ్లు పడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్ల వరకు, భార్యాభర్తలిద్దరి పేరునా హక్కు ఇస్తుంది. ఆ కాగితం చేతికి రాని కుటుంబాన్ని పదేళ్ల ముందుచూపుతో మట్టిని పెంచమని అడగడం న్యాయమా? వచ్చే ఏడు ఆ చెలకలో మొక్కలు నాటడానికి కందకం తవ్వరన్న నమ్మకం ఏది?

కొందరు యువకులు "ఇదంతా మోసం, వద్దు" అంటారు. అదీ సరి కాదు. బలవంతుడు చెప్పినంత మాత్రాన నిజం అబద్ధం కాదు. మట్టి పోవడం నిజం. పత్తి, యూరియా, అప్పు ఒకదాని వెంట ఒకటి మన గూడేలకు రావడం నిజం. అయితే సలహా వేరు, ఆజ్ఞ వేరు. వద్దు అనే వీలు ఉంటేనే అది సలహా. వద్దన్న మనిషి పేరు విత్తనాల జాబితాలోంచి పోతే అది ఆజ్ఞ. పంట పోయినప్పుడు చెప్పినవాళ్లు నష్టంలో పాలు పంచుకోకపోతే, ఆ మేలు పేదవాడి ఖర్చుతో చేసిన ప్రయోగమే అవుతుంది.

మన పెద్దలకు దీనికి ఒక దారి ఉంది. కోయ గూడేల్లో విజ్జ పండుం చేసి, విత్తనాలను వేల్పుల ముందు పెట్టి, ఊరంతా కూడాకే విత్తడం మొదలు. సాగు ఊరి నిర్ణయం. కొత్త పద్ధతి కూడా గ్రామసభలో ఊరి ముందుకే రావాలి. ముందు చెలకలో ఒక మూల వేసి చూద్దాం అనే హక్కు మనకుండాలి.

ఉపాధ్యాయులు బడితోటలో ఈ పని చేయవచ్చు. రెండు మడులు వేయించండి. ఒకటి అమ్మమ్మలు చెప్పినట్టు, ఒకటి శిక్షణలో చెప్పినట్టు. పండిన గింజలతో పాటు కలుపు ఎవరు తీశారు, ఎన్ని గంటలు పట్టింది, ఎంత ఖర్చయింది అన్నది పిల్లలతో రాయించండి. రేపు గ్రామసభలో ఆ నోటుపుస్తకం తెరిచి మాట్లాడే పిల్లలు మనకు కావాలి.