మగబిడ్డను కోరిన తల్లి



కాన్పు గది తలుపు తెరుచుకోగానే బయట నిలబడ్డవారు అడిగే మొదటి మాట "లడ్కా యా లడ్కీ?" తల్లి క్షేమం ఆ తర్వాతే. జవాబు చెవిన పడగానే, ఆ పసికందు కళ్ళయినా సరిగా తెరవకముందే, దాని స్వభావాన్నీ భవిష్యత్తునూ మనం నిర్ణయించేస్తాం. మగపిల్లవాడా, ఇంటికి ఆసరా, ధైర్యస్తుడు, రేపు దుకాణం చూసుకుంటాడు. ఆడపిల్లా, ఖర్చు, పైగా 'ఆడ' పిల్లే గాని 'ఈడ' పిల్ల కాదు. ఆ బిడ్డ ఎలాంటిదవుతుందో అల్లాహ్‌కు తప్ప మరెవరికీ తెలియదు కదా!

ఆలి ఇమ్రాన్ సూరాలో (3:35-37) అల్లాహ్ ఒక పుణ్యస్త్రీ వృత్తాంతం వినిపించాడు. ఆమె ఇమ్రాన్ గారి భార్య. తఫ్సీర్ గ్రంథాలు ఆమె పేరు హన్నా అని తెలుపుతున్నాయి. కడుపులో ఉన్న బిడ్డను పూర్తిగా దైవసేవకే అంకితం చేస్తానని ఆమె మొక్కుకున్నారు. ఆ రోజుల్లో బైతుల్ మఖ్దిస్ సేవకు మగపిల్లలనే అప్పగించేవారు. కాబట్టి ఆమె మనసులో ఉన్నదీ కొడుకే. తీరా పుట్టింది ఆడబిడ్డ. ప్రభూ, నేను ఆడపిల్లను ప్రసవించాను అని ఆమె విన్నవించుకున్నారు.

ఇక్కడే ఖుర్ఆన్‌లో ఒక వాక్యం ఉంది. మగబిడ్డ ఆడబిడ్డ వంటివాడు కాడన్నది దాని భావం. ఇది తల్లి మాటేనని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. అప్పుడది ఆమె నిరాశ అవుతుంది. ఇది అల్లాహ్ మాట అని మరికొందరు అన్నారు. అప్పుడు అర్థమే మారిపోతుంది: నీవు కోరుకున్న ఆ కొడుకు, మేము ప్రసాదించిన ఈ కూతురికి సాటి రాడు! మదరసాలో ఈ ఆయతు చదివేటప్పుడు విద్యార్థులు వ్యాకరణం దగ్గరే ఆగిపోతుంటారు. ఆగవలసింది ఈ రెండో అర్థం దగ్గర అని మా అభిప్రాయం.

ఆ తల్లి మొక్కును వెనక్కి తీసుకోలేదు. బిడ్డకు మర్యమ్ అని పేరు పెట్టి అల్లాహ్ శరణులో ఉంచారు. అల్లాహ్ ఆ బాలికను ఎంతో చక్కగా స్వీకరించాడు. ఆమెను సంరక్షించిన జకరియ్యా (అ) మిహ్రాబ్‌లోకి వెళ్ళినప్పుడల్లా ఆమె దగ్గర ఆహారం కనిపించేది. ఎక్కడిదమ్మా ఇది అని అడిగితే, అల్లాహ్ దగ్గర నుంచి వచ్చిందని ఆ పిల్ల జవాబిచ్చింది. ఆ మాట విన్న చోటనే ఆ వృద్ధ ప్రవక్త తనకూ సంతానం కావాలని దుఆ చేశారు (3:38). ఎవరిని చూసి ఎవరికి ఆశ కలిగిందో ఆలోచించండి.

మగపిల్లల విషయంలోనూ మన ఊహలు తక్కువ హాని చేయవు. నాలుగేళ్ళ పిల్లవాడు కింద పడి ఏడిస్తే "మగాడివై ఏడుస్తావా?" అని గద్దిస్తాం. హిజ్రీ 10లో తన చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ చివరి ఘడియల్లో ఉన్నప్పుడు దైవప్రవక్త (స) కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మీరు కూడానా అని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) ఆశ్చర్యపోతే, ఇది కారుణ్యమని ఆయన తెలిపారు (బుఖారీ). మగతనానికి కన్నీళ్ళు లోటు అయితే ఆ కళ్ళు ఎందుకు చెమర్చాలి?

బొమ్మల సంగతీ అంతే. హజ్రత్ ఆయిషా (ర) బొమ్మల మధ్య గుడ్డతో చేసిన రెక్కల గుర్రం ఒకటి ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆయన మనసారా నవ్వారు (అబూ దావూద్). ఆడపిల్లకు గుర్రం ఎందుకని అనలేదు.

ఈ ఊహలు మాటలతో ఆగిపోతే కొంతవరకు సహించవచ్చు. స్కానింగ్‌లో లింగ నిర్ధారణ చేయడాన్ని 1994లో చట్టం నిషేధించింది. అయినా 2001 జనగణనలో మన దేశంలో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 927 మందే ఆడపిల్లలు తేలారు. 2011లో ఆ సంఖ్య ఇంకా తగ్గింది. సజీవంగా పాతిపెట్టబడిన బాలికను, ఏ నేరానికి చంపబడ్డావని ప్రళయదినాన అడగడం జరుగుతుంది (81:8-9). మన ఇళ్ళలో అంత ఘోరం లేదని కొందరు అంటారు. సరే, లేకపోవచ్చు. మరి కొడుకును ఫీజులు కట్టి చదివిస్తూ, పదో తరగతి కాగానే కూతురి పుస్తకాలు అటక మీద పెట్టించేది ఎవరు? ఆ అమ్మాయికి చదువు అబ్బదని ఎవరు పరీక్షించి చూశారు?

నుఅమాన్ బిన్ బషీర్ (ర) చిన్నతనంలో ఆయన తండ్రి ఆయనకొక కానుక ఇచ్చారు. దీనికి దైవప్రవక్త (స)ను సాక్షిగా పెట్టమని తల్లి పట్టుబట్టారు. తండ్రి వెళ్ళి అడిగితే, నీ సంతానమందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన ప్రశ్నించారు. లేదన్నారు బషీర్ (ర). అల్లాహ్‌కు భయపడి సంతానం మధ్య న్యాయం పాటించమని దైవప్రవక్త (స) చెప్పారు. అక్కడ వాడిన పదం 'ఔలాద్'. ఉర్దూలో ఈ మాట అంటూ కొడుకులను మాత్రమే మనసులో పెట్టుకునేవారున్నారు. అరబీలో కొడుకులూ కూతుళ్ళూ ఇద్దరూ ఔలాదే. బషీర్ (ర) తిరిగి వచ్చి ఆ కానుకను వెనక్కి తీసుకున్నారు.