హునర్‌కీ ఇల్మ్‌కీ మధ్య

"సాయిబు చెయ్యి పడితే ఇంజన్ మాట వింటుంది" అంటారు. మెచ్చుకోలే. కానీ అందులో ఒక తీర్పు కూడా ఉంది. చెయ్యి మాది, బుర్ర ఇంకెవరిదో!

షెడ్డులో ఉస్తాద్ టాపెట్ సరిచేస్తూ సన్నని సందు వదులుతాడు. ఇంజన్ వేడెక్కితే సరిపోతుందని ఆయనకు తెలుసు. మీటరు ఉక్కు కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుందని యూనివర్సిటీలో మెకానికల్ చదివే కుర్రాడు లెక్క కడతాడు. సందు లేకపోతే వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇద్దరూ ఎరిగింది ఒకే సత్యం. ఒకరిది హునర్, ఒకరిది ఇల్మ్. మరి ఒకరు "సార్", ఇంకొకరు "ఒరేయ్" ఎందుకయ్యారు?

రెండూ ఒకటేనని నేననను. హునర్ తానెరిగిన ఇంజన్‌ని బాగుచేస్తుంది. ఇంకా పుట్టని ఇంజన్‌ని గీయాలంటే ఇల్మ్ కావాలి. కనుక మా పిల్లలు యూనివర్సిటీకి పోవాల్సిందే. ఉర్దూ మాధ్యమంలో 1918లో మొదలైన ఉస్మానియాకు 1929లోనే ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. అయినా షెడ్డు నుంచి ఆ గేటు దాకా దారి పడలేదు. 2007లో బి.సి.-ఇ కింద వచ్చిన 4 శాతం కోటా కొందరికి ఆ దారి వేసింది.

దయ అనకండి. ఇన్నేళ్లు బుర్రను బయట నిలబెట్టి చేతిని మాత్రం వాడుకున్న సమాజం తీర్చవలసిన బాకీ అది.

బాకీ మా పిల్లలకూ ఉంది. డిగ్రీ పట్టుకున్న కొడుకు అబ్బా చేతుల గ్రీజు చూసి సిగ్గుపడితే, వాడు నేర్చింది ఇల్మ్ కాదు, అంతస్తు.