ఆధారం ఎవరి సొత్తు? తెలుగు సినిమా పరిశోధనలో వివృత విజ్ఞాన ప్రశ్న

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదల తేదీగా 1931 సెప్టెంబరు 15 చాలాకాలం చలామణీ అయింది. పాత్రికేయ పరిశోధకులు రెంటాల జయదేవ నాటి పత్రికలనూ, 1932 జనవరి 22 నాటి సెన్సార్ ఆమోదాన్నీ వెలికితీసి, చిత్రం బొంబాయిలో 1932 ఫిబ్రవరి 6న విడుదలైందని నిరూపించారు. అన్నేళ్లు తప్పు నిలవడానికి పరిశోధకుల అలసత్వం ఒక్కటే కారణం కాదు. ఆధారాలు నలుగురికీ అందేచోట లేవు.

జాతీయ విధానాలు మాత్రం వేరేచోట చూస్తున్నాయి. కేంద్ర జీవసాంకేతిక, శాస్త్ర సాంకేతిక విభాగాలు తమ నిధులతో వెలువడిన వ్యాసాలను అందరికీ అందుబాటులో ఉంచాలని 2014లో నిర్దేశించాయి. సిద్ధాంత గ్రంథాలు శోధగంగకు చేరుతున్నాయి. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి 2024 నవంబరులో మూడేళ్లకుగాను 6,000 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు దాని పరిధిలోనివి. ఇవన్నీ పరిశోధన ఫలితానికి సంబంధించినవి. సినీ సాహిత్య పరిశోధకునికి ముందు కావలసింది ఆకరం: పాటల పుస్తకం, సంభాషణల ప్రతి, కరపత్రం. చందా ఎంత చెల్లించినా ఫిల్మ్‌నగర్‌లోని ఒక బీరువా తెరుచుకోదు. చలనచిత్రంపై కాపీరైట్ అరవై ఏళ్లే కనుక ‘భక్త ప్రహ్లాద’ 1992 ముగిసేసరికి అందరిదీ అయింది. చూద్దామంటే ప్రతి లేదు. పుస్తకాన్ని గ్రంథాలయాలకు సమర్పించాలని 1954 నాటి చట్టం ఉంది. సినిమాకు అటువంటి విధి లేదు.

పరిశ్రమను మద్రాసు నుంచి రప్పించడానికి ప్రభుత్వాలు స్థలాలూ రాయితీలూ ఇచ్చాయి. జూబ్లీహిల్స్ రూపురేఖల్లో ప్రజల సొమ్ము పాలు ఉంది కనుక స్టూడియోలు తమ భాండారాలను తెరవాలన్న వాదం ఆకర్షణీయమే గాని నిలవదు. ఆ రాయితీలు పరిశ్రమ స్థాపనకు ఇచ్చినవి. ఇచ్చేనాడు అడగని షరతును తరవాత రుణంగా చూపడం న్యాయం కాదు. ఇకపై ఇచ్చే రాయితీకీ, పురస్కారానికీ సంభాషణల ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి సమర్పించాలనడం వేరు సంగతి. ఆ షరతు ముందే తెలిసి ఒప్పుకునేది.

పరిశోధకుని విషయం ఇంతకన్నా చిక్కైనది. ప్రభుత్వ ఫెలోషిప్‌తో తిరిగి, వందలాది పాటల పుస్తకాలకు ఛాయాచిత్రాలు తీసి, తన హార్డ్‌డిస్కులోనే దాచుకున్నవాడు తప్పు చేసినట్టేనా? ప్రజాధనంతో సమకూరినది ప్రజలదే; సూత్రంలో సందేహం లేదు. కాని నియామకాల్లో, పదోన్నతుల్లో వ్యాసాలకు పాయింట్లు ఉన్నాయి. ఆకరాలను సేకరించి, సూచిక కట్టి, అందరికీ అప్పగించిన శ్రమకు దాదాపు ఏమీ లేవు. దాచుకుంటే నాలుగు వ్యాసాలవుతాయి, ఇచ్చివేస్తే అవే వ్యాసాలు మరొకరి పేర వస్తాయి. ఒక చేత్తో ఔదార్యాన్ని కోరుతూ మరో చేత్తో లోభానికి బహుమతి ఇచ్చే వ్యవస్థ ముందుగా తనను తాను నిలదీసుకోవాలి. రెండేళ్ల తరవాత బహిరంగపరచే గడువు, సేకరించినవారి పేరు విధిగా పేర్కొనడం, ఆ సేకరణను ప్రచురణతో సమానంగా లెక్కించడం - ఈ మూడూ నిధుల ఉత్తర్వులోనే ఉంటే షరతు న్యాయమవుతుంది.

సొంత జీతంతో పోస్టర్లూ పాటల పుస్తకాలూ కొని ఇంట్లో భద్రపరచిన అభిమానికి ఈ షరతులేవీ వర్తించవు. ఆయన ఎవరికీ బాకీ లేడు. అసలు ఆయన దగ్గరే ఉంచి నకలు తీసుకోవాలి, లేదా తగిన వెల ఇచ్చి కొనాలి. పరిశోధన ప్రాజెక్టుల బడ్జెట్లలో ప్రయాణానికీ, సదస్సుకూ పద్దులుంటాయి. ఈ పద్దు కనిపించడం అరుదు.