నిందలేనివాడు ఎవరు?

సంఘంలో పెద్దగా నిలబడేవాడు ఎట్లాంటివాడై ఉండాలో పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. తాగుబోతు కాకూడదు, డబ్బుకు ఆశపడకూడదు, ఇల్లు చక్కబెట్టుకోవాలి. అన్నిటికన్నా ముందు నిందలేనివాడై ఉండాలి. మా మాదిగపల్లె బాప్టిస్టు గుళ్లో కుర్రాళ్లను డీకన్లుగా తయారుచేసే శనివారం క్లాసు నేనే చెప్తున్నాను. సర్కారు బడి పంతుల్ని కాబట్టి నాకంటగట్టారు. తాగుడు గురించి గంటసేపు చెప్పగలను. ఆ ఒక్క మాట దగ్గరే గొంతు పట్టుకుంటుంది.

మా మీదున్న నింద మేం చేసుకున్నది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని తేల్చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. మాకు తియ్యలేదు. తియ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పినా తియ్యలేదు. మాకిచ్చింది బీసీ-సి, ఒక్క శాతం. ఎవడన్నా కొడితే కేసు పెట్టుకోడానికి 1989 అట్రాసిటీ చట్టం కూడా అందదు. ఏసును నమ్మినోడికి కులం పోతుందంట! ఊళ్లో ఇల్లు అద్దెకడిగి చూడండి, పోయిందో లేదో ఇంటాయనే చెప్తాడు.

అందుకే మా పల్లెల్లో చాలామందికి ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఇంకో పేరు. మా క్లాసులో ఒక పిల్లోడున్నాడు. డీఎస్సీకి చదువుతున్నాడు, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్టు. ప్రార్థన చేస్తే ముసలోళ్లు కళ్లు తుడుచుకుంటారు. అర్ధరాత్రి జబ్బుమనిషిని ఒంగోలు ఆస్పత్రికి తీసుకుపోయేదీ వాడే. "సార్, డీకనుగా నా పేరు రిజిస్టర్లో ఎక్కిస్తారా? పని ఏదైనా చేస్తా, పేరు మాత్రం వద్దు సార్" అన్నాడు. పాస్టరుగారు ఒప్పుకోలేదు. "దొంగచాటు పెద్దరికం ఏం పెద్దరికం నాయనా" అన్నారు. వెనక చాప మీద కూర్చున్న ఒక పెద్దమ్మ ఊరుకోలేదు. "వాడు చాటుగా ఏం చేశాడయ్యగారూ? పల్లెంతా చూస్తానే ఉంది గదా."

నేను ఆ పెద్దమ్మ వైపే. (తయారుచేసేది మగోళ్లనే ఎందుకన్నది ఇంకో తగువు. గుడి రేకులకు డబ్బు పోగైంది ఆడోళ్లు తీసిపెట్టిన గుప్పెడు బియ్యంతోనే. సీఎస్ఐ వాళ్లు 2013లోనే నంద్యాలకు పుష్పలలితగారిని బిషప్పుగా నిలబెట్టారు. మా దగ్గర ఆ మాటే లేవదు.)

మన పెద్దలు ఎట్టా తయారయ్యారు? 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. సువార్త చెప్పడానికి ముందు ఆయన ఏ సెమినరీకీ పోలేదు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు తీసుకుంటే, మట్టి మోసే కూలీల దగ్గర నిలబడింది మన బోధకులే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన చేతులు దొరవి కావు, ఆరుగురు తెలుగు బోధకులవి. ఆకలి దగ్గర నిలబడ్డోళ్లనే జనం పెద్దలనుకున్నారు.

పాస్టరుగారి మాటను నేను కొట్టిపారెయ్యను. అబద్ధం అలవాటైనోడు రేపు కానుకల లెక్క కూడా అట్టాగే రాస్తాడన్నది ఆయన భయం. కానీ ఆ సర్టిఫికెట్టు తీసి చూడండి. కులం గడిలో ఉన్నది నిజం. మతం గడిలో ఉన్నదే నిజం కాదు. ఆ రెండో గడిని మొదటి గడికి తాడేసి కట్టింది ఎవరు? పిల్లోడా?

నాది బీసీ-సి సర్టిఫికెట్టు. మా నాయన పంతం పట్టి అట్టాగే రాయించాడు. ఉద్యోగం రెండు డీఎస్సీలు ఆలస్యంగా వచ్చింది. అప్పటిదాకా ఇల్లు గడిచింది మా అమ్మ మిరపకోత కూలితో. ఆ కష్టం చూపించి "నేను ఓర్చుకోలేదా" అని ఆ పిల్లోణ్ణి అడగడం నావల్ల కాదు. వాడింట్లో కూలికిపోయే అమ్మ కూడా లేదు.

పోయిన శనివారం ఆ మూడో పేరాను నల్లబల్ల మీద రాసి, అందరిచేతా నోటుపుస్తకాల్లోకి ఎక్కించాను. గుళ్లో రాజకీయాలేందని పాస్టరుగారు కోప్పడ్డారు. నిందలేనివాణ్ణి తయారుచెయ్యమన్నప్పుడు నింద ఎక్కడ పుట్టిందో చెప్పొద్దా అన్నాను. డీకన్ల ఎన్నిక క్రిస్మస్‌కు ముందుంది. రిజిస్టర్లో ఒక వరస ఖాళీగా వదిలారు. అందులో ఏం రాయాలో ఆయనా నేనూ కాదు, సంఘమంతా కూర్చుని తేల్చాలని అడిగాను.